వెనకాల స్కూటర్

మా వైపు ఆడమనిషి రోడ్డు మీద పరిగెత్తుతోందంటే ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చి ఉండాలి, లేదా ఎక్కాల్సిన బస్సు కదిలిపోతూ ఉండాలి, ఈ రెండూ కాకపోతే మొగుడు వెంటపడి ఉండాలి. ఇవేవీ లేకుండా నలభై దాటిన పంతులమ్మ ఒకతె పొద్దున్నే పుంగనూరు రోడ్డు మీద, గులాబీ రంగు బూట్లు వేసుకుని, చున్నీ నడుముకు బిగించుకుని ఊరికే పరిగెత్తుతోందంటే మదనపల్లె జనానికి మింగుడు పడదు. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసే మొదలుపెట్టాను. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా చెప్తాను.

పుంగనూరు అవతల ఒక పల్లె బడిలో నా ఉద్యోగం. ఇల్లు మదనపల్లెలో. రోజూ బస్సులో పోవడం, బడిలో నిలబడి అరవడం, బస్సులో రావడం, మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడడం. ఒక రోజు కళ్ళు తిరిగి బడి వరండాలో కూలబడ్డాను. పుంగనూరులో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, షుగరు గడప దగ్గరికి వచ్చి నిలబడిందని, లోపలికి రానివ్వకూడదంటే పొద్దున్నే నడవమని చెప్పింది. సరేనని కాలేజీ గ్రౌండుకు పోయాను. అక్కడ నడవడానికి వచ్చే ఆడవాళ్ళకు కాళ్ళకన్నా నోటికే కసరత్తు ఎక్కువ. ఎవరి కోడలు వేరు కాపురం పెట్టింది, ఎవరి అల్లుడు ఏ కంపెనీలో ఉన్నాడు, నీ కూతురికి ఇంకా సంబంధాలు చూడలేదా. నా కూతురు బెంగళూరులో చదువుకుంటోంది. దాని పెళ్ళి గురించి దానికి లేని తొందర వీళ్ళకు ఉంది. ఇంటికొచ్చేసరికి కాళ్ళకు ఏమీ అయ్యేది కాదు గానీ తల వాచిపోయేది.

పరుగు సంగతి బస్సు వల్ల తెలిసింది. ఒక పొద్దున బస్టాండులో నా కళ్ళముందే పుంగనూరు బస్సు కదిలింది. చేతిలో టిఫిన్ క్యారియరు, భుజాన సంచి, కట్టుకున్నది చీర. ఏం పూనిందో, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తాను. కండక్టరు చెయ్యిచ్చి లాగాడు. సీట్లో కూలబడి, గుండె గొంతులో కొట్టుకుంటుంటే, ఛీ ఈ వయసులో ఇదేం పని అనుకున్నాను. కానీ ఆ దడదడ కింద ఏదో సంతోషం. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నప్పుడు కూడా అది పోలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా కొంచెం మిగిలే ఉంది. అంత సంతోషం నాకు ఒంట్లో కలిగి ఎన్నాళ్ళయిందో లెక్క కట్టబోయి, ఏడుపు వచ్చేలా ఉందని ఊరుకున్నాను.

బూట్ల అంగడికి పోతే అంగడాయన మీ అబ్బాయి కాలి సైజెంత మేడమ్ అని అడిగాడు. నాకే అన్నాను. వాకింగుకా అన్నాడు. పరిగెత్తడానికి అంటే ఒకసారి నా నడుము వైపు చూసి, లోపలికి పోయి గులాబీ రంగువి తెచ్చాడు. వేరే రంగు లేదా అంటే ఆడవాళ్ళకు ఇవే వస్తాయన్నాడు. పాదం ముందు నుంచి వేళ్ళతో నొక్కి చూశాడు, పిల్లలకు చూసినట్టు. ఇంటికి తెస్తే మా ఆయన అట్టపెట్టె మూత ఎత్తి చూశాడు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"ఈ వయసులో ఎవురికి సూపిచ్చడానికి?" అన్నాడు. అంతే, మళ్ళీ పేపరు చదువుకున్నాడు.

మా ఇంటి సందు దాటితే పుంగనూరు రోడ్డు. మొదటి రోజు ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరిగెత్తాలనుకున్నాను. సగంలోనే డొక్కలో పోటు వచ్చింది. ఊపిరి ఎక్కడినుంచి తీయాలో తెలియలేదు. ముక్కుతో తీస్తే చాలలేదు, నోటితో తీస్తే గొంతు ఎండింది. స్తంభాన్ని పట్టుకుని వంగి నిలబడితే, మేస్తున్న గొర్రెలన్నీ తలలెత్తి నన్నే చూశాయి. ఇంటికొచ్చి మెట్లెక్కలేక గోడ పట్టుకున్నాను. మర్నాడు బడిలో నల్లబల్ల పై వరుసలో రాయడానికి మునివేళ్ళ మీద లేస్తే పిక్కలు పట్టేసి అబ్బా అని అరిచాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

మెల్లగా పద్ధతి దొరికింది. ఒక స్తంభం దాకా పరుగు, ఇంకో స్తంభం దాకా నడక. కాళ్ళకన్నా ముందు మనసు అలిసిపోతుందని, దాని మాట వినకూడదని తెలిసింది. అసలు కష్టం పరుగు కాదు, జనం. నేను పరిగెత్తడం చూసిన ప్రతి బండీ ఆగేది. బండి వెనక సీటు ఖాళీగా ఉండి, పక్కన మనిషి తొందరగా పోతుంటే ఎక్కించుకోకపోవడం మా వైపు మర్యాద కాదు. యాడికి పోవాల, బస్సుకా, ఆస్పత్రికా అని అడిగేవాళ్ళు. ఎక్కడికీ లేదు, ఆరోగ్యానికి అని చెప్పడానికి నాకు ఊపిరి ఉండేది కాదు. చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. రోజూ ఎదురయ్యే పాలాయన మాత్రం ఒక రోజు కాదు, వారం పది రోజులు వరసగా ఆగాడు. బండికి రెండు వైపులా క్యాన్లు, మధ్యలో ఆయన.

"ఏమైందమ్మా? ఎవురికన్నా బాగలేదా? ఎక్కు, ఆస్పత్రి కాడ దింపుతా."

నాకు విసుగొచ్చేది. ఒకసారి గట్టిగానే కసిరాను. ఆయనేమీ అనుకోలేదు. ఆ తర్వాత కూడా నన్ను దాటేటప్పుడు బండి స్లో చేసి, నా మొహం ఒకసారి చూసి, బాగానే ఉన్నానని తేల్చుకున్నాకే పోయేవాడు.

ఒక పొద్దున పెట్రోల్ బంకు దాకా ఎక్కడా ఆగకుండా పోయాను. నేనే నమ్మలేదు. మోరీ గట్టు మీద కూర్చుని, బూట్లలో ఉన్న నా కాళ్ళ వైపు చూసుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఈ కాళ్ళతో నేను ఇదివరకు ఒక్కసారే ఈ రోడ్డు వైపు పరిగెత్తాను. అప్పుడు బూట్లు కాదు కదా చెప్పులు కూడా లేవు.

అప్పటికి నాకు ఉద్యోగం లేదు, కూతురు పుట్టలేదు. మా ఆయన కొట్టేవాడు. కారణాలు గుర్తుపెట్టుకోవాల్సినంత పెద్దవి ఎప్పుడూ కావు. ఆ రోజు మధ్యాహ్నం నా అరుపు విని పక్కింటివాళ్ళు వాకిట్లోకి వచ్చారు. ఆయన తలుపు దగ్గరికి పోయి, లుంగీ సర్దుకుని, నిదానంగా చెప్పాడు.

"ఏం లేదులే. మీరు పోండి."

వాళ్ళు పోయారు. లోపల నేను నేల మీద కూర్చుని వాళ్ళ చెప్పుల చప్పుడు దూరమవడం విన్నాను. ఆయన మళ్ళీ లోపలికి వచ్చేలోగా వెనక తలుపు తీసుకుని పరిగెత్తాను. సందులో ఎండకు కాలిన మట్టి, బస్టాండు దాకా కాలిన తారు. పుంగనూరులో బస్సు మారి, పలమనేరులో మారి, పొద్దు గూకేసరికి కుప్పం చేరాను. మా నాన్న అక్కడ రాళ్ళ క్వారీలో పనిచేసి పోయాడు. అన్న చదువుకుని, అదే రాళ్ళ కంపెనీ ఆఫీసులో గుమస్తా అయ్యాడు. నెల జీతం, ఇస్త్రీ చొక్కా, వీధిలో నలుగురు నమస్కారం పెట్టడం, అన్నీ అప్పుడప్పుడే వచ్చిన మనిషి. వదిన నన్ను చూడగానే ఆకు వేసి అన్నం పెట్టింది. ఎంత ఆకలిగా ఉన్నానో, ఎంత ప్రేమగా పెట్టిందో అని కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నాను. అన్న నా ఒంటి మీద దెబ్బలు చూశాడు. చూసి అడిగిన మొదటి మాట ఇది.

"ఎవురన్నా సూసినారా?"

ఎవరూ చూడలేదన్నా అన్నాను. ఆయన మొహం తేటపడింది. "అయితే మొదటి బస్సుకే పో పాపా. ఎవురూ సూడకముందే ఇంట్లో ఉండాల" అన్నాడు. తెల్లారి బస్టాండు దాకా వచ్చి, అక్కడి అంగట్లో నాకు ఒక జత చెప్పులు కొనిచ్చాడు. నాకు జరిగిన న్యాయం ఆ చెప్పులే. ఇంటికొచ్చాక మా ఆయన నన్ను ఎక్కడికి పోయావని కూడా అడగలేదు. వెతకలేదు కూడా. నేను పోయింది ఆయనకు ఒక పూట వంట తప్పిన సంగతి, అంతే.

తర్వాత ఉద్యోగం వచ్చింది, కూతురు ఎదిగింది, ఆయనకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. చెయ్యి దానంతటదే దిగింది. మనిషి మారాడని చుట్టాలు మెచ్చుకుంటారు. మారింది మోకాళ్ళు.

అందుకే పొద్దున పూట ఆ రోడ్డు నాకు షుగరు మందు కాదు. ఎవరి నుంచీ పారిపోకుండా, ఎవరి ఇంటికీ పోకుండా, ఊరికే పరిగెత్తి తిరిగి రావడం. నేను పెళ్ళయ్యాక నా కోసం చేసుకున్న పని అదొక్కటే. ఇంకొకటి ఏదైనా ఉందా అని మోరీ గట్టు మీద కూర్చుని ఎంత వెతికినా దొరకలేదు. దాన్ని ఎవరు అడ్డుకున్నా ఊరుకోకూడదని ఆ రోజే అనుకున్నాను. అడ్డుకునేవాళ్ళు మూడు బస్సుల అవతలి నుంచి కారు కట్టుకుని వస్తారని మాత్రం అనుకోలేదు.

అది ఒక ఆదివారం. సెలవు కదా అని పెట్రోల్ బంకు కూడా దాటి పోయాను. రబ్బరు తెగి జుట్టు ఊడింది. మొహం కందిపోయి, ఎదురుగాలికి కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు ఎదురుగా టమాటా బండి ఒకటి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. కుప్పం వైపు మాకు దూరపు చుట్టం ఒకాయన, మార్కెట్టుకు సరుకు తోలుకొస్తున్నాడు. అద్దంలోంచి తల బయటపెట్టి ఏదో అరిచాడు. నాకు మాట్లాడడానికి ఊపిరి లేదు. బాగానే ఉన్నాను, నువ్వు పో అన్నట్టు చెయ్యి ఊపాను. మార్కెట్లో వేలం మొదలయ్యే వేళ, బండి ఆపడానికి ఆయనకూ తీరిక లేదు. పోయాడు.

ఆయనకు కనిపించింది ఏమిటో తర్వాత తెలిసింది. జుట్టు విరబోసుకుని, ఏడుస్తూ, తమ ఇంటి ఆడబిడ్డ పుంగనూరు రోడ్డు పట్టుకుని పరిగెత్తుతోంది. పుంగనూరు రోడ్డు ఎక్కడికి పోతుంది? పలమనేరు మీదుగా కుప్పం పోతుంది. అంటే పుట్టింటికి. ఆపబోతే నన్నాపొద్దని చెయ్యి విదిలించింది. ఇంకేం కావాలి? మార్కెట్టు చేరేలోపే మా అన్నకు ఫోన్ చేశాడు. అన్న నాకు చేశాడు. నా ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. మా ఆయనకు చేశాడు. ఆయన ముసుగుతన్ని పడుకున్నాడు. ఇద్దరూ ఎత్తకపోయేసరికి కుప్పంలో కథ పూర్తిగా తయారైపోయింది.

నేను ఇంటికొచ్చి, నీళ్ళు పోసుకుని, బట్టలుతికి ఆరేస్తున్నాను. గేటు ముందు కారు ఆగింది. అన్న దిగాడు, వదిన దిగింది, చేతికర్రతో మా మేనమామ దిగాడు. మామ మా కుటుంబంలో పంచాయితీలు చెప్పే పెద్దమనిషి. ఎవరికో ఏదో అయిందనుకున్నాను. రండి కూర్చోండి అని చెంబుతో నీళ్ళు తెచ్చాను. మామ తీసుకోలేదు. అన్న తీసుకోలేదు. అంతదూరం ఎండలో వచ్చిన వదిన, చెంబు వైపు చూసి కూడా చెయ్యి చాపలేదు.

అప్పుడు అర్థమైంది. మా వైపు పంచాయితీకి వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టరు. తగువు తేలాక పెద్దమనిషి ఆ ఇంటి కాఫీ గ్లాసు అందుకుంటే పంచాయితీ ముగిసినట్టు. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. చెంబు పట్టుకుని నిలబడి ఉండగా నాకు కుప్పంలో ఆ సాయంత్రం గుర్తొచ్చింది. వదిన ఆకు వేసి అన్నం పెట్టడం గుర్తొచ్చింది. నేను ప్రేమ అనుకున్నాను. పంచాయితీ లేదు అని దానర్థం.

వదిన నన్ను వంటింట్లోకి తీసుకుపోయి, మెడ చూసింది, చేతులు తిప్పి చూసింది, జాకెట్టు వెనక వేలు పెట్టి వీపు చూసింది. ఏమీ కనిపించకపోయేసరికి ఇంకా భయపడింది. బయట మామ మా ఆయనను నిలదీస్తున్నాడు. ఆయన కళ్ళు నలుపుకుంటూ నేనేం చేసినాను, నేనేం చేసినాను అంటున్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి నిజంగానే ఆయన ఏమీ చేయలేదు. ఆ రోజే ఆయన మీద పంచాయితీ వచ్చింది.

మామ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. "జుట్టు ఇరబోసుకోని కుప్పం తట్టు పరిగెత్తతాండావంట. మనోడు సూసినాడు, మార్కెట్టుకు పొయ్యే బండ్లోళ్ళంతా సూసినారు. దాసిపెట్టొద్దు. ఏం జరిగిందో చెప్పమ్మా, మేము ఉండాం" అన్నాడు.

మేము ఉండాం. ఆ మాట కోసం ఒకప్పుడు మూడు బస్సులు మారి పోయాను. చెప్పాను. డాక్టరమ్మ, షుగరు, స్తంభాలు, పరుగు, అన్నీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మొగుణ్ణి కాపాడుతోందని వదిన గొణిగింది. చివరికి మా ఆయనే లేచి లోపలికి పోయి నా బూట్లు తెచ్చి నట్టింట్లో పెట్టాడు. వాటికి ఇంకా ఆ పొద్దుటి మట్టి ఉంది. మామ కర్ర కొనతో ఒక బూటును తిరగేసి చూశాడు. అన్న చూశాడు. వదిన ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. కారు బాడుగ దండగైందని అన్న నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. వాళ్ళ నవ్వు ఆగేదాకా ఆగి అన్నను అడిగాను.

"అన్నా, నేను ఒకసారి నిజంగానే పరిగెత్తుకోని మీ ఇంటికి వచ్చినాను. కాళ్ళకు చెప్పులు గూడా ల్యాకుండా. ఆ పొద్దు ఈ కారు యాల రాలేదు?"

మా ఆయన పేపరు మడత విప్పాడు. అన్న నా మీద కోప్పడలేదు. తల కూడా దించుకోలేదు. పిల్లలకు తెలిసిన లెక్కను మళ్ళీ చెప్పినట్టు, మెత్తగా చెప్పాడు.

"ఆ పొద్దు ఎవురూ సూడలేదు గదా పాపా."

ఇన్నేళ్ళూ నేను అన్న మీద ఎన్ని కారణాలు ఊహించానో. బీదతనం అనుకున్నాను, వదినకు భయపడ్డాడనుకున్నాను, నా కాపురం నిలబెట్టాలనుకున్నాడనుకున్నాను. ఆయన తరఫున నేనే ఎన్నో సాకులు వెతికి పెట్టాను. ఏవీ అక్కర్లేదు. ఎవరూ చూడలేదు, కాబట్టి జరగలేదు. అంతే.

జరిగిపోయినవి ఇప్పుడెందుకులే అని మామ ఆ మాటను పక్కకు తోసి, ముందున్న సంగతి తేల్చడానికి సర్దుకుని కూర్చున్నాడు. ఇట్ల పరువు తీస్తాంటే ఈ పరుగేందో మాన్పించిపోండని మా ఆయన అడిగాడు. మామకు తన న్యాయం మీద చాలా నమ్మకం. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"షుగరు అంటాంది గదప్పా, పరిగెత్తనీ. నువ్వు ఎనకాలే స్కూటర్లో పో. మొగుడు ఎంబడి ఉంటే ఎవురూ ఏమీ అనుకోరు."

నాకొద్దు అన్నాను. వద్దు మామా, నేను ఒక్కదాన్నే పోతాను, కావాలంటే ఊళ్ళో అందరికీ నేనే చెప్పుకుంటాను అంటూ లేచి నిలబడ్డాను. నేను ఆ మాట పూర్తి చేసేలోగా, వదిన వంటింట్లో కలిపి తెచ్చిన కాఫీ గ్లాసును మామ అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. అయిపోయింది. అన్న తీసుకున్నాడు, మా ఆయన తీసుకున్నాడు. నా గ్లాసు పళ్ళెంలోనే చల్లారింది. మధ్యాహ్నం అందరూ నా చేతి వంట తృప్తిగా తిన్నారు. కారెక్కుతూ వదిన, బూట్లు బాగుండాయి, యాడ కొన్నావు అని అడిగింది.

మర్నాటి నుంచి స్కూటర్ వచ్చింది. నేను ముందు, ఆయన వెనకాల. నడక వేగంతో స్కూటర్ తోలడం కష్టం కాబట్టి కాసేపు ఆగుతాడు, మళ్ళీ బుర్రుమని నా మడమల దాకా వస్తాడు. పొగ నా ముక్కులో. హెడ్‌లైటు వెలుతురుకు నా నీడ నాకన్నా ముందు పరిగెత్తుతుంది. ఆయన ఫోనులో వార్తలు గట్టిగా పెట్టుకుంటాడు. నేను స్తంభం దగ్గర నడకలోకి దిగితే, ఇంతేనా, దీనికేనా పొద్దున్నే నన్ను లేపింది అంటాడు. నేనా లేపింది?

మానేద్దామనుకున్నాను. నాలుగు పొద్దులు మంచం దిగలేదు. ఆయన ప్రాణానికి హాయిగా ఉంది, అది ఆయన గురకలోనే తెలిసింది. ఆ గురక విని, నేను మానేస్తే ఈ ఇంట్లో గెలిచింది ఎవరో తెలిసి, లేచి బూట్లు కట్టుకున్నాను. కోపంతో పరిగెత్తితే స్తంభాలు తొందరగా వెనక్కి పోతాయి. నిజం చెప్తున్నాను, ఆ రోజుల్లో నేను ముందెప్పుడూ పోనంత దూరం పోయాను. సంతోషం మాత్రం మళ్ళీ కనిపించలేదు.

ఊరు మాత్రం మెచ్చుకుంది. మా వీధిలో, బస్సులో, బడిలో ఒకటే మాట. మీ సారు ఎంత మంచోడమ్మా, పెండ్లాం ఆరోగ్యం కోసం నిద్ర చెడగొట్టుకుని వస్తాడు, మావాళ్ళూ ఉన్నారు ఎందుకు. ఆయనకు రోడ్డు మీద నమస్కారాలు పెరిగాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని స్కూటర్ ఎక్కడం మొదలుపెట్టాడు. ఇంకొక మార్పు నేను ఆలస్యంగా గమనించాను. నా దగ్గర ఒక్క బండి కూడా ఆగడం లేదు. ఏమైందమ్మా అని ఒక్కరూ అడగడం లేదు. ఆ ప్రశ్న నాకు ఎంత విసుగు తెప్పించేదో, అది లేకపోయాక రోడ్డు అంత బోసిపోయింది. పాలాయన కూడా ఇప్పుడు నా మొహం చూడడం లేదు. నన్ను దాటి, వెనకున్న ఆయనకు చెయ్యెత్తి, బాగుండావా అప్పా అని పోతాడు.

మొన్న తారు అంచు విరిగినచోట నా కాలు మడత పడింది. టప్‌మన్న శబ్దం నాకే వినిపించింది. రోడ్డు పక్క కూలబడి, రెండు చేతులతో చీలమండ పట్టుకున్నాను. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. స్కూటర్ వచ్చి పక్కన ఆగింది. ఆయన దిగలేదు.

"లెయ్, జనాలు సూస్తాండారు" అన్నాడు.

లేవబోయాను. పాదం నేలకు ఆనలేదు. అప్పుడే పాలాయన బండి వచ్చింది. నన్ను చూసి స్లో చేశాడు. ఒకప్పటి అలవాటు కొద్దీ ఒక కాలు కింద పెట్టాడు కూడా. ఏమైంది అని అడిగాడు. నన్ను కాదు, మా ఆయనను.

"ఏం లేదులే. నువ్వు పో" అన్నాడు మా ఆయన, చొక్కా సర్దుకుని, నిదానంగా.

అదే గొంతు. అదే మాట. పాలాయన తలూపి, కింద పెట్టిన కాలు ఎత్తాడు. బండి కదిలింది. నేల మీద కూర్చున్న నాకు పక్కింటివాళ్ళ చెప్పుల చప్పుడు దూరమవడం మళ్ళీ వినిపించింది.

"ఉండాది" అన్నాను. నాకే తెలియనంత గట్టిగా వచ్చింది. "అన్నా, ఆగు. కాలు పోయింది. ఎక్కించుకోని ఆస్పత్రి కాడ దింపు."

పాలాయన ఆగాడు. ఎవరి వైపు చూడాలో ఆయనకు తెలియలేదు. మా ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ నా కాలి వైపు చూశాడు. అప్పటికే అది బూటులో పట్టనంతగా వాచింది. బండి స్టాండు వేసి, ఒక క్యాను ముందుకు మార్చి, చెయ్యిచ్చి నన్ను లేపి కూర్చోబెట్టాడు. ఒక చేత్తో క్యాను అంచు, ఇంకో చేత్తో ఊడిన బూటు పట్టుకుని మార్కెట్టు రోడ్డు మీదుగా ఆస్పత్రికి పోయాను. టమాటా లారీల వాళ్ళు చూశారు, టీ అంగళ్ళ ముందు నిలబడ్డవాళ్ళు చూశారు. మా వెనకాల మా ఆయన, వెనక సీటు ఖాళీగా, స్కూటర్ తోలుకుంటూ వచ్చాడు.

ఎముక విరగలేదు, నరం బెణికిందన్నారు. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేసరికి అన్న నుంచి ఫోన్. మార్కెట్టులో చూసినవాళ్ళు చెప్పేసినట్టున్నారు. కాలు ఎట్లుందని అడుగుతాడనుకుని ఎత్తాను.

"బావ స్కూటర్ ఖాళీగా ఉండంగా పాలోని బండి యాల ఎక్కినావు పాపా? ఊరంతా సూసినారంట."

"సూడనీ అన్నా" అని ఫోను పెట్టేశాను.

బడికి సెలవు పెట్టి కాలు చాపుకుని ఇది రాస్తున్నాను. స్కూటర్ వాకిట్లోనే ఉంది. కట్టు విప్పేదాకా పరుగు మాటెత్తొద్దని ఆస్పత్రిలో చెప్పారు. విప్పాక మళ్ళీ మొదటి స్తంభం నుంచి మొదలుపెట్టాలి.